డిస్పోజల్ జీపుకు పెట్రోల్ ట్యాంకు: మూడోసారికి కుదిరిన కేసు

ట్యాంకు మార్చడం మా షెడ్డులో ఒక పూట పని. ఈ జీపుకు మాత్రం పద్నాలుగు నెలలు పట్టింది. అందులో సగం కాలం నా తప్పుడు నిర్ణయానికే పోయింది. అందుకే రాసి పెడుతున్నాను. బండి ఎవరిదో తెలిసే వివరాలు తీసేశాను. కొలతలు, పని జరిగిన క్రమం, నా పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

యుద్ధకాలపు జీపు. గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతంలో ఒక రైతు కుటుంబానిది. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న బండ్లను కొన్నవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. పాతవాళ్లు ఇప్పటికీ వీటిని 'డిస్పోజల్ జీపు' అనే అంటారు. ఇంటిల్లిపాదీ దీన్ని విల్లీస్ అంటున్నారు గానీ, ఛాసిస్ ముందు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టం కాదు, బోర్లించిన 'యు' ఆకారపు రేకు. అంటే ఇది ఫోర్డ్ వాళ్లు చేసిన జీపీడబ్ల్యూ. డిజైన్ ఒక్కటే. 1941 నుంచి 1945 దాకా రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షలకు పైగా చేశాయి. ఈ సంగతి చెబితే ఇంటి పెద్దాయన, "పేరు మారితే మాత్రం పెట్రోల్ తాగడం తగ్గుద్దా ఏంటండీ" అని కొట్టిపారేశారు. ఆయనకు ఎనభై దాటాయి. బండి ఆయన తండ్రి కొన్నది.

ఈ జీపులో ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంటుంది. నేలరేకులో దానికోసమే ఒక గుంత ఉంటుంది. ట్యాంకు అడుగు ఆ గుంతలో దిగి కూర్చుంటే, పైన సీటు ఫ్రేము వస్తుంది. పెట్రోల్ పోయాలంటే డ్రైవర్ దిగి, సీటు మెత్త లేపి, మూత తీయాలి. అసలు ట్యాంకు 15 అమెరికన్ గ్యాలన్లది, అంటే 57 లీటర్లు. యుద్ధానికి అది సరిపోయే కొలత. ఈ ఇంట్లో బండి తిరిగేది సంక్రాంతికి, పెళ్లి ఊరేగింపులకు, అప్పుడప్పుడు తోట దాకా. ఏడాది మొత్తానికి 150 లీటర్లు దాటదు. మిగతా రోజులన్నీ కొట్టంలోనే.

గేజ్ ఎప్పుడో చచ్చిపోయింది. దాని బదులు పెద్దాయన దగ్గర ఒక వెదురు బద్ద ఉంది, దాని మీద కత్తితో పెట్టిన గాట్లు. మూత తీసి బద్ద దించడం, తడి ఎక్కడిదాకా ఉందో చూడడం, ఇదే యాభై ఏళ్ల నుంచి వాళ్ల గేజ్. ఈ బద్ద గురించి ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది.

వచ్చిన సమస్య

2024 ఫిబ్రవరిలో బండిని లారీ మీద ఎక్కించుకుని ఆటోనగర్ తెచ్చారు. ఫిర్యాదు ఇదీ: స్టార్ట్ చక్కగా అవుతుంది. ఐదారు కిలోమీటర్లు పోయాక రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది. మళ్లీ ఐదారు కిలోమీటర్లకు అదే కథ. పైగా సీటు కింద పెట్రోల్ వాసన.

నా దగ్గరికి రాకముందే కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు పెంచేది) మారింది, ఫ్యూయల్ పంపు మారింది, కార్బురేటర్ రెండుసార్లు విప్పారు. వేపర్ లాక్, అంటే వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరై అడ్డుపడడం, అని ఎవరో చెబితే పెట్రోల్ పైపుకు తడిగుడ్డ కూడా చుట్టారు. ఇవేవీ తెలివితక్కువ పనులు కావు. వేడెక్కాక ఆగి, చల్లారాక లేచే బండి వస్తే నేనూ ముందు కాయిల్ మీదే చెయ్యి వేస్తాను. నాకు తేడాగా అనిపించింది ఆ దగ్గు ఒక్కటే. కాయిల్ పోయే బండి చాలావరకు ఠక్కున కోసేస్తుంది. ఇలా ఆయాసపడి ఆగిందంటే పెట్రోల్ అందట్లేదని నా లెక్క.

లెక్క నిజమో కాదో తేల్చుకోవడానికి ట్యాంకును దారిలోంచి తప్పించాం. పంపు దగ్గర పాత పైపు విప్పి, ఐదు లీటర్ల డబ్బాలోంచి వేరే పైపు కలిపాం. డబ్బాను ఇంజిన్‌కు దూరంగా, వెనకపక్క కదలకుండా కట్టి, కంకిపాడు దాకా వెళ్లి వచ్చాం. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇంజిన్ నుంచి పంపు దాకా అంతా బాగుంది. జబ్బు ట్యాంకులోనో, దాని పైపులోనో ఉంది.

ట్యాంకు దించి, ఖాళీ చేసి, సబ్బునీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, ఫోనుకు తగిలించే సన్న కెమెరా లోపలికి దించాం. అడుగంతా తుప్పు పెచ్చులు. మాడిన అప్పడం విరిచి పోసినట్టున్నాయి. పెట్రోల్ పీల్చే గొట్టం పైనుంచి లోపలికి దిగి, చివర ఒక జాలీ ఉంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఆ పీల్పుకు పెచ్చులు వచ్చి జాలీకి అతుక్కుంటున్నాయి. ఇంజిన్ ఆగగానే పీల్పు పోయి రాలిపోతున్నాయి. పది నిమిషాల విశ్రాంతి రహస్యం అదన్నమాట. ఇన్నాళ్లూ ఇంజిన్ చల్లారింది కాబట్టి లేస్తోందని అందరూ అనుకున్నారు.

వాసన సంగతి ఇంకో రకం. అడుగున చిల్లులు రెండు. ఒకటి గుంతలో నీళ్లు నిలిచే మూల, అది ఊహించిందే. రెండోది మూతకు సరిగ్గా కింద, గోళీ అంత గుండ్రటి మచ్చ, దాని నడుమ సూది బెజ్జం. కాసేపు అర్థం కాలేదు. తర్వాత పెద్దాయన చేతిలో వెదురు బద్ద చూశాక వెలిగింది. యాభై ఏళ్లు ఒకే చోట టక్కుమని పొడుస్తుంటే లోపలి పూత లేచిపోయి, అక్కడి నుంచి తుప్పు మొదలైంది. ఆయనకు చెబితే బద్ద వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు.

జీపు వెనకాల ఇంకో ట్యాంకు కూడా పడేసి ఉంది. ఏడాది కిందట వేరే ఊళ్లో జీఐ రేకుతో కొత్తగా చేయించారట. మూడు నెలలకే ఫిల్టర్ నిండా తెల్లటి పిండి పడుతుంటే తీసేసి, పాతదాన్నే మాట్లు వేయించి పెట్టారు. ఆ పిండి జింక్ తాలూకుది. జీఐ రేకు మీద తుప్పు రాకుండా ఉండే జింక్ పూత నీళ్ల ట్యాంకుకు మంచిదే గానీ, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పనికిరాదు. అందులో ఉండే తేమతో కలిసి జింక్ మెల్లగా తినేసుకుపోతుంది. 2023 ఫిబ్రవరి నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 రావడం మొదలైంది. అంతకుముందు పది శాతం. మా నాన్న తరం మేస్త్రీలు జీఐ ట్యాంకులు చేసి పాతికేళ్లు నడిపించారంటే అప్పటి పెట్రోల్ వేరు. చేసిన మేస్త్రీని తప్పుపట్టను, ఆయన నేర్చుకున్న పనే చేశాడు.

మొదటి ప్రయత్నం: పాతదాన్నే బాగుచేయడం

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. కొత్త ట్యాంకు వెతకడం, లేదా పాతదానికి చిల్లులు మూసి లోపల ఎపాక్సీ సీలర్ పూత వేయడం. రెండోదే ఎంచుకున్నాను. మూడు కారణాలు. ఒకటి, అది ఆ బండితో పుట్టిన ట్యాంకు కావచ్చు. పట్టీల బోల్టుల్లో రెండింటి తల మీద ఫోర్డ్ వాళ్ల 'ఎఫ్' ముద్ర ఉంది, అది చూసి పెద్దాయన మనవడు గంతులేశాడు. రెండు, ఖర్చు తక్కువ. మూడో కారణం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అంతకుముందు రెండు బుల్లెట్ ట్యాంకులకు ఇదే సీలర్ వేశాను, రెండూ బాగున్నాయి. నాకు తెలిసిన పని కాబట్టి ఇదే సరైన పని అనిపించింది.

లోపల గొలుసు ముక్కలు వేసి ఊపి పెచ్చులు రాల్చాం. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడిగాం. చిల్లులకు మాట్లు వేశాం. ఇక్కడ కుర్రమేస్త్రీల కోసం ఒక మాట: నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. కాలేది పెట్రోల్ కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. నెల రోజులు ఎండలో పెట్టినా మడతల్లో, అతుకుల్లో ఆవిరి దాక్కుని ఉంటుంది. మేము ట్యాంకును తిరగేసి, మాటు వేసే చోటు తప్ప మిగతాదంతా నీళ్లతో నింపి, బయట వేడిచేసి తెచ్చిన సాల్డరింగ్ కడ్డీతోనే పని చేశాం. మంట దగ్గరికి రానివ్వలేదు. సైలెన్సర్ పొగ లోపలికి వదిలి గ్యాస్ వెల్డింగ్ చేసేవాళ్లను చూశాను. ఆ షెడ్లలో పైకప్పు రేకులకు ఉన్న సొట్టలు కూడా చూశాను.

మార్చిలో బండి పంపించాం. వినాయక చవితి వెళ్లిన వారానికి ఫోను వచ్చింది. "అన్నా, మళ్లీ దగ్గుతోంది."

విప్పితే సీలర్ పాల మీద మీగడలా లేచి, మడతలు పడి, జాలీకి చుట్టుకుని ఉంది. ఎందుకు లేచింది? బుల్లెట్ ట్యాంకు చిన్నది, మూతలోంచి అన్ని మూలలూ కనిపిస్తాయి. ఈ ట్యాంకులో చుట్టూ నొక్కిన అతుకు ఉంది, ఆ మడతలో తుప్పు, తడి అలాగే మిగిలిపోయాయి. తుప్పు మీద వేసిన పూత తుప్పునే పట్టుకుంటుంది, రేకును కాదు. ఇక రెండో సంగతి. సీలర్ డబ్బాతో వచ్చిన కాగితంలో ఇథనాల్‌కు ఆగుతుందని ఎక్కడా లేదు. ఆ కాగితం నేను అప్పుడు చదివాను, వేసేముందు కాదు.

అసలు తప్పు అంతకంటే ముందుది. బాయిలర్లు తనిఖీ చేసే స్నేహితుడి దగ్గర రేకు మందం కొలిచే మీటర్ తెచ్చి అప్పుడు పెట్టాను. పైన 0.9 మిల్లీమీటర్లు ఉన్న రేకు అడుగు మూలల్లో 0.4 చూపించింది. ఈ కొలత మొదటి రోజే తీసి ఉంటే సీలర్ ఊసే ఎత్తేవాణ్ణి కాదు. మూలల్లో ఇంత చిక్కిన రేకుకు లోపల ఏ పూత వేసినా, వచ్చే ఏడాది ఇంకో చోట బెజ్జం పడేదే. సీలర్ ఖర్చు నేనే భరించాను.

రెండో ప్రయత్నం: రెడీమేడ్ ట్యాంకు

ఈ జీపులకు కొత్తగా చేసిన ట్యాంకులు విదేశాల నుంచి దొరుకుతాయి. అచ్చం అసలుదానిలాగే ఉంటాయి. వీటిలో మూతి చిన్నది, పెద్దది అని రెండు రకాలు. యుద్ధం మొదట్లో వచ్చినవాటికి చిన్న మూతి, తర్వాతవాటికి జెర్రీక్యాన్‌తో పోసుకోవడానికి వీలుగా పెద్ద మూతి. మా వాళ్లు బంకు నుంచి డబ్బాతోనే తెచ్చుకుంటారు కాబట్టి పెద్ద మూతిది తెప్పించాం. డిసెంబరులో వచ్చింది. పెయింట్ నిగనిగలాడుతోంది. ఫోటో తీసి పంపితే ఇంట్లో అందరూ సంబరపడ్డారు.

గుంతలో పెడితే 18 మిల్లీమీటర్లు పైకి నిలబడింది. సీటు ఫ్రేము కాళ్లు నేలకు ఆనడం లేదు, ట్యాంకు నెత్తి మీద ఆనుతున్నాయి.

అరగంట ట్యాంకును తిట్టుకున్నాం. తర్వాత కింద దూరి టార్చి వేసి చూస్తే అసలు విషయం బయటపడింది. గుంత చుట్టూ ఉన్నది కంపెనీ ప్రెస్‌లో నొక్కిన రేకు కాదు, చేత్తో వంచి గ్యాస్ వెల్డింగ్ పెట్టినది. అంటే ఛాసిస్ అసలుదే, బాడీ మాత్రం ఎప్పుడో మన దగ్గర కట్టించినది. అడిగితే పెద్దాయనకు గుర్తొచ్చింది, తుఫాను ఏడాది కొట్టం కూలి బాడీ నలిగితే కొత్తది కట్టించారట. ఏ తుఫానో ఆయన చెప్పలేదు, గోదావరి వైపు తుఫాన్లకేం కొదవ. ఆ మేస్త్రీ తన దగ్గరున్న రేకు వెడల్పుకు తగ్గట్టు గుంత తగ్గించేశాడు. పాత ట్యాంకు ఇన్నాళ్లూ ఎలా పట్టిందంటే, దాని అడుగు అంచును సుత్తితో కొట్టి లోపలికి నొక్కేశారు. నేను అది సొట్ట అనుకున్నాను.

ఇప్పుడు మూడు మార్గాలు. సీటు కాళ్ల కింద 18 మిల్లీమీటర్ల ముక్కలు పెట్టి లేపడం మొదటిది. చూడ్డానికి సులువు, కానీ రేపెవరో ఆ ముక్కలు పారేస్తే ఎనభై కిలోల మనిషి బరువు నేరుగా ట్యాంకు మీద పడుతుంది. మీద కూర్చునే ట్యాంకును నేను పెట్టను. గుంత కోసి లోతు చేయడం రెండోది. అలా చేస్తే గుంత అడుగు ఇంకా కిందికి దిగి, చేలగట్ల మీద రాళ్లకు తగులుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకునే నిబంధనలు 2021లో వచ్చాయి. వాటి ప్రకారం ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. అలా రిజిస్టరైన బండికి నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, మనవడికి దాని మీద మనసుంది. బాడీ ఇప్పటికే ఒకసారి మారింది, వస్తుందో రాదో అధికారులు తేల్చాలి. నేను మాత్రం ఇంకో కోత కోయదలచుకోలేదు.

మూడోది, ట్యాంకు వెనక్కి పంపి, ఉన్న గుంతకు సరిపోయేది చేయించడం. అమ్మినవాళ్లు రవాణా ఖర్చు మినహాయించుకుని వెనక్కి తీసుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. బండి పేరు చెప్పి కొన్నాను గానీ కొలత ఇచ్చి కొనలేదు.

మూడో ప్రయత్నం: దేంతో చేయించాలి

ఈసారి రేకు ముట్టుకోకముందు అట్టపెట్టెలు కోసి ట్యాంకు బొమ్మ చేశాం. అట్టను గుంతలో పెట్టి, సీటు బిగించి, కూర్చుని, గేర్లు వేసి చూశాం. రెండుసార్లు అంచులు కోశాం. చివరికి తేలిన కొలత సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 17 ఎత్తు. అంటే 40 లీటర్లు. ఫ్రిజ్ అట్ట ముక్కలకు అంత టైమ్ ఎందుకని మా కుర్రాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఖరీదు నాకు డిసెంబరులోనే తెలిసింది.

57 నుంచి 40కి తగ్గిందని పెద్దాయన కొంత నొచ్చుకున్నారు. నాకైతే అది నష్టంగా కనిపించలేదు. నెలల తరబడి నిలబడే బండిలో పెట్రోల్ పాతబడుతుంది. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, ఒక హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. తుప్పు అక్కడే మొదలవుతుంది. చిన్న ట్యాంకయితే ఆ ఇంటి వాడకానికి పాత పెట్రోల్ త్వరగా అయిపోయి కొత్తది పడుతుంది. లీటరుకు ఏడు ఎనిమిది కిలోమీటర్లు వేసుకున్నా నలభై లీటర్లకు మూడు వందల కిలోమీటర్ల దాకా వస్తుంది. వాళ్లు అంత దూరం ఒక్క రోజులో ఎప్పుడూ పోలేదు.

ఇక దేంతో చేయించాలన్నది. ప్లాస్టిక్ ట్యాంకు తుప్పు పట్టదు, ఇథనాల్‌కు చెదరదు. ప్రామాణిక కొలతలో బండి ఉండి ఉంటే నేను దాన్నే సిఫారసు చేసేవాణ్ణి. కానీ అది అచ్చులో పోసేది, మన గుంత కోసం అచ్చు ఎవరూ చేయరు. అల్యూమినియం తేలిక, రేసు బండ్లకు వాడతారు. ఈ గుంతలో ప్రతి వానకీ బురదనీళ్లు నిలుస్తాయి. తడిలో ఇనుప పట్టీకి ఆనిన అల్యూమినియాన్ని ఆ తడే తినేస్తుంది. అదీగాక లీఫ్ స్ప్రింగుల మీద ఎగిరే జీపులో అల్యూమినియం వెల్డులు చిట్లడం చూశాను. మామూలు ఇనుప రేకు అంటే మళ్లీ అదే తుప్పు, ఇంకో పదిహేనేళ్లకు. జీఐ సంగతి చెప్పేశాను.

మిగిలింది స్టీలు. 304 గ్రేడు, 1.5 మిల్లీమీటర్ల రేకు. ట్యాంకు బరువు పది కిలోల పైచిలుకు తూగుతుంది, పెట్రోల్ నిండితే ఇంకో ముప్పై. స్టీలులో నాకున్న భయం ఒక్కటే, వణుకుడుకి వెల్డు పక్కన పగుళ్లు. అందుకని రేకును ముక్కలుగా కోసి మూలలన్నీ వెల్డ్ చేయకుండా, ఒకే రేకును గుండ్రటి వంపుతో మడిచి, అతుకులు పక్కలకు వచ్చేలా చేయించాం. లోపల రెండు అడ్డరేకులు, కింద మూలల్లో పెట్రోల్ పారడానికి కోతలు. ఘాట్ మలుపులో పెట్రోల్ ఒక పక్కకి పోయి గొట్టం గాలి పీల్చకుండా ఉండడానికి ఇవి. వెల్డింగ్ ఆర్గాన్. లోపల కూడా ఆర్గాన్ నింపమని పట్టుబట్టాను. లేదంటే పైకి వెల్డు మెరుస్తూనే ఉంటుంది, లోపలి వైపు మాడి పంచదార పోసినట్టు గరుకుగా తేలుతుంది. ఆ గరుకులోంచే పగులు పుడుతుంది.

అడుగును వెనక మూలకు కాస్త వాలుగా పెట్టి, అక్కడ డ్రెయిన్ బోల్టు. పీల్చే గొట్టం అడుక్కి 12 మిల్లీమీటర్లు పైన ఆగిపోతుంది. మూతకు సరిగ్గా కింద, అరచేయంత స్టీలు ముక్క ఒకటి అదనంగా వెల్డ్ చేయించాను. ఎందుకో చెప్పక్కర్లేదు.

గాలి పరీక్ష దగ్గర మా వెల్డర్ కంప్రెసర్ పైపు తెచ్చాడు. ఆపాను. మూడు పీఎస్ఐ అంటే స్కూటర్ టైరు గాలిలో పదో వంతు, ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ 60 బై 40 రేకు మీద మూడు పీఎస్ఐ అంటే అయిదు వందల కిలోల తోపుడు. చదునైన రేకు పొట్ట ఉబ్బిపోతుంది. సైకిల్ పంపుతో ఒకటిన్నర దాకా ఎక్కించి, సబ్బునురుగు రాశాం. నెక్ దగ్గర ఒక చోట చిన్న బుడగ. మళ్లీ వెల్డ్ చేసి, మళ్లీ నురుగు.

గుంతలో పాత ట్యాంకు కింద గోనెగుడ్డ పరిచి ఉండేది. మెత్తగా ఉంటుందని ఎవరో వేశారు. అది ఏడాదంతా తడి పట్టుకునే స్పాంజి. దాని బదులు రబ్బరు పట్టీలు, మధ్యలో నీళ్లు జారడానికి ఖాళీ వదిలి అతికించాం. పెయింట్‌తో పూడుకుపోయిన గుంత అడుగు రంధ్రం తెరిచాం. బిగించే పట్టీల కిందా రబ్బరే. పాత రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడి ఉంది, ఇథనాల్‌కు ఆగే ఆర్9 ముద్ర పైపు వేశాం. పంపు డయాఫ్రం కూడా అలాంటిదే మార్చాం. ట్యాంకు ఒక్కటీ మార్చి పైపులు వదిలేస్తే, రేపు రబ్బరు తునకలు వచ్చి అదే దగ్గు తెప్పిస్తాయి.

బిగించాక

2025 ఏప్రిల్‌లో బిగించి రోడ్డెక్కించాం. పన్నెండు కిలోమీటర్లకు దగ్గింది. ఆగింది.

వెనక సీట్లో మనవడు. ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. నా బుర్రలో వెల్డింగ్ చెత్త, జాలీ, పంపు అన్నీ గిర్రున తిరిగాయి. అలవాటుగా సీటు లేపి మూత తిప్పాను. సుయ్‌ఁమని గాలి లోపలికి లాగింది. పదిసార్లు స్టార్టర్ కొట్టినా లేవని బండి, మూత వదులు చేశాక రెండో దెబ్బకే లేచింది.

ఈ జీపు మూతలోంచి గాలి ఆడాలి, ట్యాంకుకు వేరే ఊపిరి లేదు. కొత్త నెక్‌కు సరిపోయిందని నేను తెచ్చి పెట్టింది గాలి ఆడని మూత, వేరే బండిది. పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల శూన్యం పెరిగి, పంపు ఇక లాగలేకపోయింది. మొదట్లో తుప్పు వల్ల ఏ లక్షణం వచ్చిందో, ఇప్పుడు మూత వల్ల అచ్చం అదే వచ్చింది. ఆ నిమిషంలో ట్యాంకు విప్పించి ఉంటే ఏమీ దొరికేది కాదు, ఇంకో నెల పోయేది. గాలి ఆడే మూత వెతికి పెట్టాక పోలవరం రోడ్డులో ఎనభై కిలోమీటర్లు తిప్పారు, ఏ గొడవా లేదు.

ఇంకో చిన్న పేచీ. కొత్త 12 వోల్టుల గేజ్, ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ దానికి మట్టం చెప్పే ఫ్లోట్ పెట్టాం, ముల్లు కదల్లేదు. పాత ఇనుప ట్యాంకు బాడీకి ఆని ఉండేది కాబట్టి ఎర్త్ దానంతట అదే అందేది. చుట్టూ రబ్బరు పెట్టి నేనే ఆ దారి మూసేశాను. ఫ్లోట్ ప్లేటు నుంచి ఛాసిస్‌కు ఒక వైరు వేస్తే ముల్లు లేచింది. ఆ వైరు గేజ్ కోసమే కాదు. పెట్రోల్ పోసేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు ట్యాంకులో నిలవకుండా నేలకు పోవడానికి కూడా అది కావాలి. రబ్బరు మీద కూర్చోబెట్టిన ఏ స్టీలు ట్యాంకుకైనా ఇది మరిచిపోవద్దు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

పాత ట్యాంకు వస్తే ముందు మందం కొలుస్తున్నాను. అడుగున ఎక్కడైనా 0.6 కంటే తక్కువ ఉంటే సీలర్ అడగొద్దని చెప్పేస్తున్నాను. ఇది ఎక్కడా రాసి ఉన్న హద్దు కాదు, నా హద్దు. ట్యాంకు కొనేముందు, బండి ఎంత అసలుదని చెప్పినా సరే, గుంతలో అట్ట పెట్టి చూస్తున్నాను. మన రాష్ట్రాల్లో తిరిగే పాత జీపుల్లో ఏ భాగం ఏ ఊళ్లో కట్టిందో పుస్తకాలు చెప్పవు. ఎంత తిరుగుతుంది, ఎన్నాళ్లు నిలబడుతుంది అని కూడా అడుగుతున్నాను. రోజూ తిరిగే బండికి, కొట్టంలో పడుకునే బండికి ఒకే ట్యాంకు సరిపోదని అంతకుముందు నేను ఆలోచించలేదు. మూత మాత్రం నా చేత్తో ఊది చూసి పెడుతున్నాను.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి: స్టీలు ట్యాంకు రేకు, వంపు, వెల్డింగ్ కలిపి పదహారు వేల అయిదు వందలు అయింది. విదేశీ ట్యాంకు ధరలో సగం లేదు. కానీ ఇందులో నా పని, అట్టపెట్టెల రోజులు కలపలేదు. పాత ట్యాంకును కడిగి, నూనె రాసి వాళ్లకే ఇచ్చాను. 'ఎఫ్' బోల్టులు రెండూ మళ్లీ పట్టీలకే బిగించాం.

ఒక వానాకాలం గడిచాక బండి తెప్పించి డ్రెయిన్ బోల్టు విప్పాను. గాజు సీసాలో పడితే అడుగున బొటనవేలు మందాన నీళ్లలాంటిది తేరింది, పైన తేట పెట్రోల్. తుప్పు రంగు లేదు.

గేజ్ పనిచేస్తున్నా పెద్దాయన దాన్ని నమ్మరు. బద్దే కావాలన్నారు. పాత గాట్లు 57 లీటర్ల ట్యాంకువి, ఇందులో అబద్ధం చెబుతాయి. కొత్త వెదురు బద్ద చెక్కించి, చివర పొడవకుండా రబ్బరు బుష్ తొడిగి, ఐదేసి లీటర్లు పోస్తూ గాట్లు పెట్టాం. ఆయన బద్ద చేతిలోకి తీసుకుని అడుగు నుంచి మొదటి గాటు దాకా వేలుతో కొలిచారు.

"ఏమయ్యా, ఇక్కడ మూడు లీటర్లు లెక్కలోకి రాలేదేంటి?"

"గొట్టం అంత కిందికి అందదండీ. అది నీళ్లకి వదిలిన వాటా."

ఆయన బద్దను లుంగీ అంచుతో తుడిచి, సీటు వెనక పాత చోటే దూర్చారు.